పిక్నిక్‌కి సాయం వస్తానంటే నన్నే అనుమానిస్తున్నారు!

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. మాది నరసాపురం దగ్గర పల్లె. మా బాబు ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి. జనవరి మొదట్లో యూకేజీ, ఒకటో తరగతి పిల్లల్ని అంతర్వేది పిక్నిక్‌కి తీసుకెళ్తున్నారు. పిల్లలు 42 మంది, టీచర్లు నలుగురు. సాయానికి తల్లిదండ్రుల్లో ఆరుగురు కావాలంటే సరదాపడి పేరిచ్చాను. తీరా మొన్న మీటింగుకి వెళ్తే ప్రిన్సిపాల్ మేడమ్ ఒక కాగితం చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు. ఏ పిల్లనీ మనం ఒక్కరమే బాత్రూమ్‌కి తీసుకెళ్ళకూడదట. ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదట. మన ఫోన్‌తో ఫోటో తీయకూడదట. తినడానికి ఏమీ పెట్టకూడదట. ఉమ్మడి కుటుంబంలో పుట్టి ఎంతమంది పిల్లల్నో ఎత్తుకు తిప్పినదాన్ని. నన్ను దొంగని చూసినట్టు చూశారనిపించింది. ఇంగ్లాండులో ఉండే మా ఆడపడుచుకి చెబితే, ‘మా దగ్గర పోలీసు చెకింగ్ లేకుండా తల్లిదండ్రుల్ని అసలు రానివ్వరు, నీది నయం’ అంది. పేరు వెనక్కి తీసేసుకుందామా అనుకుంటున్నాను.

ఇంకో సంగతి. మా పక్కింటి పాప కిందటేడు ఇలాగే పిక్నిక్‌కి వెళ్ళింది. అప్పుడు సాయానికి వచ్చిన ఒకాయన బస్సులో తన పక్కన కూర్చోబెట్టుకుని చాక్లెట్ ఇచ్చి ‘ఎవరికీ చెప్పకు’ అన్నాడని ఇప్పుడు చెబుతోంది. ఆ అంకుల్ వస్తే నేను రానంటోంది. ఈసారి లిస్టులోనూ ఆయన పేరుంది. చెబితే గొడవ, చెప్పకపోతే భయం. ఏం చేయమంటారు?

– పేరు వద్దన్న ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాగితం గురించి అంత రాసి, ఆ పాప మాట చివర్లో ‘ఇంకో సంగతి’ అని తగిలించారు. ఉత్తరాల్లో ఇది నాకు అలవాటే. చెప్పలేక చెప్పే మాట ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. నేను అక్కడినుంచే మొదలుపెడతాను. పిక్నిక్ ఇంకా రాలేదు కాబట్టి మీకు కాస్త వ్యవధి ఉంది.

ముందు మీరు వెళ్ళాల్సింది ఆ పాప వాళ్ళమ్మ దగ్గరికి. ఆవిడకి తెలియకుండా మీరు స్కూల్లో చెప్పడం బాగోదు. తెలిశాక ఆవిడ ‘పోనిద్దురూ, ఇప్పుడెందుకు’ అంటే మాత్రం ఆ మాట పట్టుకుని మీరు ఊరుకోకండి. ఆవిడ రాకపోతే మీరొక్కరే వెళ్ళండి. వస్తానంటే ఇంకా మంచిది.

పాపని కూర్చోబెట్టి మళ్ళీ మళ్ళీ అడగొద్దని వాళ్ళింట్లో గట్టిగా చెప్పండి. ‘ఇంకేం చేశాడు? ఇక్కడ ముట్టుకున్నాడా? అక్కడ ముట్టుకున్నాడా?’ అని అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి, అమ్మమ్మ ఒకసారి అడిగితే ఆరేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? మన మొహం చూసి మనకి ఏ జవాబు కావాలో అది చెప్పేస్తుంది. లేదా భయపడి అసలు నోరే విప్పదు. రెండూ నష్టమే. ‘నాతో చెప్పావు, మంచి పని చేశావు, నీ తప్పేం లేదు’ అంటే చాలు. తనంతట తను ఇంకేమైనా చెబితే వినండి. విన్నది అదే రోజు ఒక కాగితం మీద, పాప అన్న మాటల్లోనే రాయండి. ‘అంకుల్ ఎవరికీ చెప్పకు అన్నాడు’ అంటే అలాగే రాయాలి. ‘అసభ్యంగా ప్రవర్తించాడు’ అని పెద్దవాళ్ళ భాషలోకి మార్చొద్దు. కింద తేదీ వేయండి.

ఆ కాగితంతో ఇద్దరూ కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, తలుపు వేసి మాట్లాడండి. ఫోన్‌లో వద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. గ్రూపులో పెట్టిన మాట సాయంత్రానికి కాలువ అవతలి ఊరికి కూడా తెలుస్తుంది. ఆయన ఏ పాపం ఎరగనివాడైతే ఇక ఊళ్ళో తలెత్తుకోలేడు. పాపం ఉన్నవాడైతే జాగ్రత్తపడతాడు. ఎటు తిరిగినా ఆ పాప పేరు పదిమంది నోళ్ళలో నలుగుతుంది.

చాక్లెట్ ఇవ్వడం నేరం కాదు. మిగతా పిల్లలు కూడా ‘నాకూ’ అంటారని ‘చెప్పకు’ అని ఉండొచ్చు. అలా అనుకోవడమే నాకూ ఇష్టం. కానీ పిల్లల్ని లోబరచుకునేవాళ్ళు మొదట చేసేది కూడా సరిగ్గా ఇదే. చిన్న తాయిలం, దానితోపాటు చిన్న రహస్యం. పిల్ల ఆ రహస్యం దాస్తుందా, ఇంట్లో చెప్పేస్తుందా అని చూస్తారు. దాచిందంటే ఇంకో అడుగు వేస్తారు. వీళ్ళు ఎక్కడినుంచో ఊడిపడ్డవాళ్ళు కాదు. జాతీయ నేర గణాంకాల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల్లో, పిల్లల మీద అత్యాచారాల కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆ బిడ్డకి ముందే తెలిసినవాడు. ఈయన ఏ కోవకి చెందినవాడో తేల్చడం మీ పని కాదు, నా పనీ కాదు. ఒక పిల్ల ‘ఆయనొస్తే నేను రాను’ అంటోంది. ఆయన్ని ఈ పిక్నిక్‌కి పిలవకుండా ఉండటానికి ప్రిన్సిపాల్‌కి ఆ మాట చాలు. సాయానికి వెళ్ళడం ఎవరి హక్కూ కాదు. పేరు తీసేయడం శిక్షా కాదు. ఎవరు చెప్పారన్నది ఆయనకి తెలియనక్కర్లేదు.

ఒకవేళ పాప ముట్టుకోవడం గురించో, బట్టల గురించో, ఫోన్‌లో ఏదో చూపించడం గురించో చెప్పిందంటే అది స్కూలు లోపల సర్దుకునే విషయం కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. జరిగిందని తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. ఒక సంస్థకి పెద్దగా ఉండి, తన కింద పనిచేసేవాడు చేసింది చెప్పకపోతే ఏడాది వరకు. ‘స్కూలు పేరు పోతుంది, పరీక్షలయ్యాక చూద్దాం’ అనే పెద్దలకి ఈ సెక్షన్లు చదివి వినిపించండి. నమ్మకంతో చెప్పినవాళ్ళ మీద, తర్వాత అది రుజువు కాకపోయినా, కేసు పెట్టడానికి లేదని అదే 19వ సెక్షన్ చెబుతోంది. పాపని స్టేషన్‌కి తిప్పుతారని వాళ్ళమ్మ భయపడవచ్చు. పాప మాటలు ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలని 24వ సెక్షన్. పేరు బయటపెట్టడం నేరం. ఇంత దూరం వెళ్ళాలో లేదో తెలియక కొట్టుకుంటుంటే 1098కి ఫోన్ చేసి అడగండి. అది పిల్లల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. అర్జంటైతే 112.

ఇప్పుడు మీ కాగితం దగ్గరికి వద్దాం.

కిందటేడు ఆ కాగితం ఉండి, దాన్ని అందరూ పాటించి ఉంటే ఏమయ్యేది? పిల్లల పక్కన పిల్లలే కూర్చునేవారు. ఆయన నడవ పక్క సీట్లో కూర్చునేవాడు. తినేవి టీచరు చేతి మీదుగానే పంచేవారు. ఆ చాక్లెట్టూ లేదు, ఆ రహస్యమూ లేదు. ఆయన మంచివాడే అయితే ఈ పూట ఆయన గురించి మీరూ నేనూ ఇలా మాట్లాడుకునే అవసరమే ఉండేది కాదు. మిమ్మల్ని బాధపెట్టిన ఆ నాలుగు లైన్లు ఆ పాపకి కావలసిన నాలుగు లైన్లేనమ్మా. మీలాంటి మంచివాళ్ళకి మినహాయింపు ఇస్తే అవి పనిచేయవు. ఎందుకంటే మినహాయింపు అడిగే ప్రతివాళ్ళూ మంచివాళ్ళలాగే కనిపిస్తారు. ఇది మగవాళ్ళకి మాత్రమే అనీ అనుకోకండి. పోక్సోలో ఆడ మగ తేడా లేదు, బాధితుల్లోనూ లేదు. మీ గ్రూపులో ఎవరైనా ‘అసలు నాన్నలే వద్దు’ అంటే నేను ఒప్పుకోను. మగపిల్లల్ని బాత్రూమ్ దాకా తీసుకెళ్ళడానికి మగమనిషి ఉంటే ఎంత హాయో ట్రిప్పులు నడిపినవాళ్ళకి తెలుసు.

అయితే మీ ప్రిన్సిపాల్ గారిది కూడా కొంచెం తప్పుంది. ‘కూడదు, కూడదు’ అని రాసిచ్చారు గానీ ఎందుకో చెప్పలేదు, మరి ఏం చేయాలో కూడా చెప్పలేదు. ఏడ్చే పిల్ల కనిపిస్తే ఎవరి బిడ్డని చూడకుండా చంకనేసుకునే ఊళ్ళు మనవి. మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తున్న పిల్లని దగ్గరికి తీసుకోవద్దంటే ఎవరికి మనసొప్పుతుంది? దగ్గరికి తీసుకోవచ్చు. అందరి కళ్ళ ముందు, పిల్ల తనంతట చేతులు చాపితే, ఏడుపు ఆగేదాకా. వద్దన్నది ఏమిటంటే, వెనక సీట్లో ఒక్క పిల్లని గంటసేపు ఒళ్ళో పెట్టుకోవడం. బాత్రూమ్ సంగతీ అంతే. నలుగురైదుగురిని కలిపి తీసుకెళ్ళాలి, ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళాలి, తలుపు బయట నిలబడాలి. జిప్పు రానివాడికి బయటకొచ్చాక అందరి ముందే సాయం చేయాలి. ఎవరైనా బట్టలు పాడుచేసుకుంటే (చేసుకుంటారు, యూకేజీ పిల్లలు కదా) ఇద్దరు ఆడవాళ్ళు కలిసి కడిగి, బట్టలు మార్చి, సాయంత్రం ఆ పిల్ల వాళ్ళమ్మకి మీరే చెప్పాలి. ఆవిడకి పిల్ల నోట మొదటిసారి తెలియకూడదు. ఈ నాలుగు ముక్కలూ కాగితంలో కలపమని మేడమ్‌ని అడగండి. కోపంగా కాదు, సాయంగా.

మీ ఆడపడుచు చెప్పింది సగం నిజం. ఇంగ్లాండులో ఆ తనిఖీని డీబీఎస్ అంటారు. తరచూ వచ్చేవాళ్ళకి, పిల్లలతో విడిగా ఉండేవాళ్ళకి, రాత్రి బస ఉన్న ట్రిప్పుకి వెళ్ళేవాళ్ళకి దాని లెక్క వేరు. ఒక్క పూట, టీచర్ల కళ్ళ ముందే సాయం చేసే తల్లికి మామూలుగా అది తప్పనిసరి కాదు. దానికి బదులు వాళ్ళు పట్టుకుని కూర్చునే నియమం ఒకటుంది: తనిఖీ లేనివాళ్ళని పిల్లలతో ఒంటరిగా వదలరు. అంటే మీ ప్రిన్సిపాల్ కాగితంలో ఉన్నదే. మన దగ్గర 2020 పోక్సో నియమాల్లో స్కూలు తన ఉద్యోగులందరికీ, పర్మినెంట్ అయినా కాంట్రాక్టు అయినా, పోలీసు వెరిఫికేషన్ చేయించాలని ఉంది. అందులో ఒక్కరోజు సాయానికి వచ్చే తల్లిదండ్రుల ప్రస్తావన లేదు. అందుకే ఆ కాగితమే దిక్కు.

అన్నట్టు, సంతకం పెట్టమన్నారని మీరు బాధపడ్డారు గానీ, బస్సు డ్రైవరు, క్లీనరు ఎవరని మీటింగులో ఎవరైనా అడిగారా? స్కూలు బస్సు చాలక బయట బస్సు మాట్లాడితే వాళ్ళెవరో స్కూలుకే తెలియదు. మధ్యాహ్నం ‘వీడికి జ్వరంగా ఉంది, బస్సులో పడుకోబెట్టండి, క్లీనరు చూసుకుంటాడు’ అని ఒక మాట తప్పకుండా వస్తుంది. అలా వదలొద్దు. బస్సులో పిల్ల ఉంటే పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి.

ఇక లెక్క. ఇది నా సొంత గాయం, కాస్త వివరంగా చెప్పనివ్వండి. పదిహేనేళ్ళ పైమాట. మా బడి పిల్లల్ని ధవళేశ్వరం తీసుకెళ్ళాను. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందనీ, కాటన్ దొర ఎవరనీ పిల్లలకి చెప్పడానికి రాత్రంతా పాఠం తయారుచేసుకున్నాను. ఎవరి చేతికి ఏ పిల్లలు అన్నది మాత్రం తయారుచేసుకోలేదు. కాటన్ మ్యూజియం నుంచి బయల్దేరేముందు బస్సులో తలలు లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిది. సరిపోయింది. రైట్ అన్నాను. బస్సు కదిలి నాలుగు గజాలు పోయిందో లేదో మూడో సీట్లో ఒక పిల్లాడు ‘మా టీచరు ఏదీ?’ అని ఏడుపు. వాడు మా వాడు కాదు! సర్కారు బడుల యూనిఫాం ఎక్కడైనా ఒకటే కదా, వేరే బడి పిల్లాడు మా బస్సెక్కేశాడు. మరి ముప్ఫై ఎనిమిది సరిపోయిందంటే మా పిల్ల ఒకతి బయట ఉండిపోయింది. ఆ పది నిమిషాలు నా కాళ్ళు నావి కావు. పక్కనే గోదారి. చివరికి గేటు అవతల జామకాయలమ్మే ముసలమ్మ పక్కన గొంతుక్కూర్చుని, ఆవిడ కాయ కోసి ఉప్పూ కారం అద్దుతుంటే నోరు తెరుచుకు చూస్తోంది మా పిల్ల. ముసలమ్మ నన్ను చూసి, ‘మీదేనా అండి? కొనదు, కదలదు’ అంది.

అప్పటినుంచి నేను తలలు లెక్కపెట్టడం మానేశాను. పేర్లు పిలుస్తాను, పేరుకి మొహం చూస్తాను. మీ లెక్క ఇలా వేసుకోండి. పది మంది పెద్దవాళ్ళలో ఒక టీచరు మొత్తం చూసుకోవాలి, ఇంకొకరి దగ్గర మందుల సంచీ, ఫోన్ నంబర్ల జాబితా ఉండాలి. వాళ్ళిద్దరికీ పిల్లల్ని అప్పగించొద్దు. మిగిలింది ఎనిమిది మంది, తలా అయిదారుగురు పిల్లలు. ఆయన పేరు తీసేశాక ఒకరు తగ్గుతారు కాబట్టి ఆ చోటు ముందే నింపమనండి. ఇంగ్లాండులో కూడా ఈ వయసు పిల్లలకి ఆరుగురికొక పెద్ద అన్నదగ్గరే చాలా స్కూళ్ళు లెక్క మొదలుపెడతాయి. మీ ఆరుగురి పేర్లు ముందు రోజే తీసుకుని మొహాలు గుర్తుపెట్టుకోండి. అందులో మీ బాబు ఉండకూడదు. వాడిని వేరే వాళ్ళ గుంపులో వేయమనండి. వాడుంటే మీ కళ్ళు వాడిమీదే ఉంటాయి, మిగతా అయిదుగురు గాలికి పోతారు. కాసేపు ఏడుస్తాడు. ఏడవనివ్వండి.

మెడలో పేరు రాసిన బ్యాడ్జీ వేస్తామంటే వద్దనండి. పేరు పెట్టి పిలిచినవాళ్ళు తెలిసినవాళ్ళే అనుకుంటారు పిల్లలు. స్కూలు ఫోన్ నంబరు చాలు, అది కూడా చొక్కా లోపలివైపు పిన్ను పెట్టండి. అమ్మ పేరు, నాన్న పేరు ఇంట్లోనే నేర్పాలి. అంతర్వేది తీర్థంలో తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గర నిలబెట్టి మీ అమ్మ పేరేంటంటే ‘అమ్మ’ అనే పిల్లలు ఎంతమందో. తీర్థం అంటే గుర్తొచ్చింది, భీష్మ ఏకాదశి రోజుల్లో అటు వెళ్ళే ఆలోచన చేయకండి. జనవరి మొదట్లో కాబట్టి మీకా బాధ లేదు. కానీ పొద్దున్నే కాలువగట్ల మీద మంచు ఎదుటి బండి కనపడనంత ఉంటుంది. ఎండ వచ్చాకే బయల్దేరమనండి, చీకటి పడకముందే ఇంటికి చేరాలి.

పంటు (మనుషుల్నీ బండ్లనీ రేవు దాటించే పెద్ద పడవ) సంగతి మీరు రాయలేదు గానీ, నరసాపురం నుంచి అంతర్వేది అంటే అందరూ రేవు దాటి సఖినేటిపల్లిలో దిగుదామనే అంటారు. పెద్దవాళ్ళకి సరదాగానే ఉంటుంది. నలభై రెండు మంది చిన్నపిల్లలు, బస్సు, మోటారు సైకిళ్ళు, జనం, అంచు దగ్గర నీళ్ళు. నేనైతే చుట్టయినా సరే చించినాడ వంతెన మీదుగా దిండి, మలికిపురం వైపు నుంచి వెళ్తాను. పిల్లలకి గోదారి వంతెన మీంచి కూడా కనిపిస్తుంది.

అక్కడ అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట నీళ్ళు చూడ్డానికి నిమ్మళంగా ఉంటాయి. పోటు, పాటు మారేటప్పుడు కాళ్ళ కింద ఇసుక ఎలా జారుతుందో చేపల వేటకి వెళ్ళేవాళ్ళని అడగండి, చెబుతారు. కాళ్ళు కూడా తడపనివ్వొద్దు. పెద్దవాళ్ళు నీళ్ళకీ పిల్లలకీ మధ్య, పిల్లలవైపు తిరిగి నిలబడాలి. సెల్ఫీ తీసుకోవాలంటే సముద్రం ఎక్కడికీ పోదు, మీరు ఇంకోసారి రండి. ‘పది నిమిషాలు పడవ షికారు’ అని ఎవరైనా అడిగితే, స్కూలు వాళ్ళు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. 2019 సెప్టెంబరులో దేవీపట్నం అవతల కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగి ఏమైందో మన జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2024 జనవరిలో వడోదర హర్ణి చెరువులో స్కూలు పిక్నిక్ పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఎక్కాల్సినవాళ్ళకంటే ఎక్కువమందిని ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. అదీ చెరువే, సముద్రం కాదు.

ఫోటోల గురించి ఎక్కువ చెప్పను. ఒక టీచరు, స్కూలు ఫోన్‌తో తీస్తారు. మీకు కావాలంటే మీ బాబువి వాళ్ళని అడిగి తీసుకోండి. తినేవాటి గురించీ అంతే. ఎవరికి వేరుశెనగ పడదో, ఎవరికి ఏ మందు వేయాలో టీచరు దగ్గర రాసుంటుంది, మీ దగ్గర ఉండదు.

మీ పేరు వెనక్కి తీసుకోకండి. మీ పక్కింటి పాప నోరు విప్పి చెప్పిందంటే, మీ ఇంటి చుట్టుపక్కల పిల్లల మాట వినేవాళ్ళు ఎవరో ఉన్నారన్నమాట. అలాంటివాళ్ళు ఆ బస్సులో ఉండాలి. సంచీలో నాలుగు ప్లాస్టిక్ కవర్లు, రెండు నిమ్మకాయలు, రెండు జతల పాత నిక్కర్లు, ఒక తువ్వాలు పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో పిల్లలందరూ నిద్రపోతారు. స్కూలు దగ్గర దిగి, పేర్లు పిలిచి అప్పగించాక, మీరు ఒక్కసారి బస్సెక్కి చివరి సీటుదాకా నడిచి, సీట్ల కింద కూడా వంగి చూడండి. పిల్లలెవరూ ఉండరు. ఒక చెప్పు మాత్రం దొరుకుతుంది, ప్రతి ట్రిప్పుకీ ఒకటి దొరుకుతుంది.